రోడ్డెక్కిన మట్టి బండి

మోటార్‌సైకిల్ షాపులో వైరింగ్ పని చేస్తానంటే వర్జీనియాలో మా ఊరు ఆష్‌బర్న్‌లో మనవాళ్లు ఒక పట్టాన నమ్మేవారు కాదు. పుట్టినరోజు పార్టీల్లో ఎవరైనా అడిగితే మావారు "ఆటోమొబైల్ ఎలక్ట్రికల్ సైడు" అని చెప్పి మాట మార్చేసేవారు. అది అబద్ధం కాదు గానీ, వినేవాళ్లకు ఏసీ ఆఫీసు, మెడలో బ్యాడ్జి కనిపించేవి. నా మెడలో గ్రీజు మరకల ఏప్రాన్ ఉండేది.

గుడివాడలో పాలిటెక్నిక్ చదివాను, ఎలక్ట్రికల్. పెళ్లయి న్యూజెర్సీ వచ్చాక పిస్కాటవేలో ఒక ఫ్యాక్టరీలో వైర్లకు టంకాలు వేసే పనిలో చేరాను. మావారి ఉద్యోగం వర్జీనియాకు మారినప్పుడు నా పని పోయింది. ఇంట్లో కూర్చోవడం నాకు చేతకాదు. టీవీ చూస్తున్నా చేతిలో ఏదో ఒకటి విప్పుతూ ఉండాలి. అలా ఒకరోజు ఊరు దాటాక గుర్రాల పొలాల వైపు వెళ్లే రోడ్డు మీద ఉన్న ఆ షాపు తలుపు తట్టి, "మీ దగ్గర వైరింగ్ ఎవరు చేస్తారు?" అని అడిగాను. "ఎవరూ సరిగా చెయ్యరు" అన్నాడు ఓనరు. మర్నాటినుంచి వెళ్లడం మొదలుపెట్టాను. మోకాళ్లు మొరాయించి మానేసేదాకా అక్కడే పనిచేశాను.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కొందరు ఫోన్ చేసి, ఇన్నేళ్లలో మీకు బాగా గుర్తుండిపోయిన రిపేరు ఏదని అడుగుతుంటారు. చెప్తాను. కాకపోతే ఇందులో రిపేరు తక్కువ, కంగారు ఎక్కువ.

షాపులో మేం ముగ్గురం. ఓనరు ఒకప్పుడు మట్టి ట్రాకుల మీద పందేల్లో బండి నడిపినవాడు. ఒక మోకాల్లో లోహపు పలక ఉండేది. మంచి మనిషే గానీ నోరు ఆగదు. రెండో ఆయన కొరియా నుంచి చిన్నప్పుడే వచ్చేసినవాడు, మా ఇన్‌స్పెక్టరు. ఏటా బండి బాగోగులు చూసి రోడ్డు మీదకు పంపవచ్చని స్టిక్కర్ అంటించే లైసెన్సు ఆయనకే ఉంది. ఆ స్టిక్కర్ మీద ఆయనకున్న భక్తి నేను గుడిలో కూడా చూడలేదు. ఓనరు బతిమాలినా, తిట్టినా, వంక ఉన్న బండికి అంటించేవాడు కాదు.

ఒక ఏడు వసంతంలో ఒక పికప్ ట్రక్కు వచ్చి షాపు ముందు ఆగింది. వెనక డర్ట్ బైక్, అంటే మట్టిలో తోలే మోటార్‌సైకిల్, కట్టి ఉంది. ట్రక్కు నడిపినతను దిగి, "బండి నాది కాదు, మా ఫ్రెండ్‌ది. వెనక వస్తున్నాడు" అన్నాడు. కాసేపటికి ఆ ఫ్రెండు సైకిల్ తొక్కుకుంటూ, రొప్పుకుంటూ వచ్చాడు. ముప్పై దాటిన తెలుగు కుర్రాడు. ట్రక్కులో ఇంకో సీటు ఖాళీగానే ఉంది. ఇతనెందుకు సైకిల్ మీద వచ్చాడో నాకు అర్థం కాలేదు.

నా మొహం చూడగానే వెలిగిపోయాడు. "ఆంటీ, మీరు తెలుగా? అయిపాయె, ఇగ నాకు టెన్షన్ లేదు."

"ముందు ఊపిరి పీల్చుకో బాబూ. ఏం కావాలి?"

"ఈ బండిని రోడ్ లీగల్ చెయ్యాలె. డైలీ ఆఫీస్‌కి పోనీకి. జర తొందరగా చేస్తరా?"

అతను డేటా సెంటర్‌లో టెక్నీషియన్. అప్పటిదాకా ఇంటి దగ్గరి బిల్డింగులో పని. కంపెనీ కొద్ది వారాల్లో దూరంగా మనాసస్ దగ్గరి కొత్త సైటుకి మారమంది. భార్యకు ఆరో నెల. ఇదంతా నేను అడక్కుండానే, నిలబడి కాళ్లు కదుపుతూ, బల్ల మీది స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటీ తీసి మళ్లీ పెడుతూ చెప్పాడు.

ఓనరు బండి చుట్టూ తిరిగి పెదవి విరిచాడు. "ఇది ఆదివారాలు బురదలో దొర్లించే బండి. రోజూ ఆఫీసుకంటే నూనె మార్చలేక చస్తావు. ఒక పాత కారు కొనుక్కో."

"ట్రాఫిక్‌లో కారు వేస్ట్ సర్" అన్నాడు కుర్రాడు.

మర్నాడు నేనూ అదే అడిగితే, పార్కింగ్ దొరకదన్నాడు. డేటా సెంటర్ ముందు ఫుట్‌బాల్ ఆడుకునేంత ఖాళీ స్థలం ఉంటుందని నాకు తెలుసు. ఇంకోరోజు పెట్రోలు కలిసొస్తుందన్నాడు. ఇంకోరోజు, చిన్నప్పటినుంచి బండి పిచ్చి అన్నాడు. నిజమైన కారణమైతే ఒక్కటే ఉంటుంది. రోజుకో కారణం చెప్తున్నాడంటే అసలుది దాస్తున్నట్టే అనుకున్నాను. కానీ అడగడం నా పని కాదని ఊరుకున్నాను.

మట్టి బండిని రోడ్డు బండి చెయ్యడమంటే దానికి లేని మర్యాదలన్నీ నేర్పడమే. ముందు లైటు, వెనక లైటు, బ్రేకు నొక్కితే వెలిగే లైటు, హారన్, అద్దాలు, నంబర్ ప్లేటు, రోడ్డు టైర్లు. రాష్ట్రంవాళ్ల కాగితాలు ఓనరు చూసుకున్నాడు. వైర్లన్నీ నావి. చెయ్యి తిరిగిన పనే కాబట్టి చకచకా లాగేశాను. అక్కడే దెబ్బ తిన్నాను. అలాంటి బండ్లలో కరెంటు పుట్టించే కాయిల్ చాలా చిన్నది. ఇంజను గట్టిగా తిరుగుతున్నంతసేపూ లైట్లు దేదీప్యమానంగా వెలుగుతాయి. సిగ్నల్ దగ్గర ఆగి, బ్రేకు నొక్కి, ఇండికేటర్ వేస్తే చాలు, ఉన్న కాస్త కరెంటూ చాలక ఇంజను గుటుక్కుమంటుంది.

ఓనరు బండి తీసుకుని ఒక చుట్టు తిరిగి వస్తానని వెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు తోసుకుంటూ, కుంటుకుంటూ వచ్చాడు. "నాలుగు రోడ్ల మధ్యలో చచ్చింది. వెనక సిమెంటు లారీ" అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదంటే ఎంత భయపడ్డాడో అర్థమైంది. ఇన్‌స్పెక్టరు వెళ్లి తిరస్కరణ స్టిక్కర్ తెచ్చి అంటించాడు.

కుర్రాడు ఆ స్టిక్కర్ చూసి అక్కడే నేలమీద కూలబడ్డాడు. "ఎన్ని రోజులైతది ఆంటీ? ఇంకెన్ని రోజులు?"

"కాయిల్ మళ్లీ చుట్టాలి. లావు తీగ కావాలి. బల్బులు కూడా తక్కువ కరెంటు తాగేవి తెప్పించాలి."

"గట్లనే ఇచ్చెయ్యుర్రి. నేను జాగ్రత్తగ నడుపుత."

"నడిరోడ్డు మీద ఆగిపోయే బండిని ఇమ్మంటావా? నీకేమైనా పిచ్చా?"

ఆ మాట కొంచెం గట్టిగా వచ్చింది. అతను నా వైపు చూసిన చూపు మాత్రం నేను మరిచిపోలేదు. నిజంగానే పిచ్చి పట్టిందేమోనని తనని తానే అడుగుతున్నట్టు చూశాడు.

అప్పటినుంచి రోజూ సాయంత్రం సైకిల్ మీద వచ్చేవాడు. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు. షాపు ఈ చివరినుంచి ఆ చివరికి తిరిగేవాడు. గ్యారేజీ షట్టరు దించబోతే, "ఉండనీయుర్రి సర్, గాలొస్తది" అని ఓనరుని ఆపేవాడు. చలిగాలి కొడుతున్నా సరే. అతన్ని చూస్తుంటే నాకూ కంగారు అంటుకునేది. తీగ చుట్లు లెక్క తప్పి మొదటికి వచ్చేదాన్ని. "ఇతన్ని ఇంటికి పంపకపోతే ఈ బండి ఈ జన్మలో పూర్తి కాదు" అనేవాడు ఓనరు.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి ఆకాశం నల్లబడి, వడగళ్లు మొదలయ్యాయి. పార్కింగ్‌లో కార్ల మీద టపటపా పడుతున్నాయి. సైకిల్ మీద వెళ్లనివ్వడం నా వల్ల కాలేదు.

"పద, నా కార్లో దింపేస్తాను."

"వద్దాంటీ, తగ్గినంక పోత."

"తగ్గేలా లేదు. మీ ఆవిడ కంగారు పడుతుంది. పద."

చెయ్యి పట్టుకుని లాక్కెళ్లినంత పని చేశాను. ఎక్కాడు. ఎక్కగానే తన వైపు అద్దం పూర్తిగా దించేశాడు. వాన లోపలికి కొడుతోంది. సీటు బెల్టు ఛాతీకి తగలకుండా ఒక చేత్తో లాగి పట్టుకున్నాడు. రెండో చెయ్యి తలుపు హ్యాండిల్ మీద ఉంది. నేను ఏదో మాట్లాడుతున్నాను, అతను వినడం లేదు. పెద్ద రోడ్డు మీదకు వచ్చాక సిగ్నల్ పడింది. ఎడమవైపు ఒక ట్రక్కు, వెనక ఇంకొకటి ఆగాయి. అతని ఊపిరి నాకు వినిపించింది. తలుపు తెరిచి దిగి, కార్ల మధ్యనుంచి వానలో నడిచి వెళ్లిపోయాడు.

సిగ్నల్ దాటి, పక్కనే ఉన్న పెట్రోలు బంకులోకి కారు తిప్పి, గొడుగు కూడా తీసుకోకుండా పరిగెత్తాను. టైర్లకు గాలి కొట్టే మిషను పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. నిలువునా తడిసి, మోకాళ్లు పట్టుకుని వణుకుతున్నాడు.

పక్కన నేనూ కూర్చున్నాను. వడగళ్లు తగ్గి వాన మిగిలింది. చొక్కా అంచు పిండుకుంటూ చెప్పాడు.

"చలికాలంల నా కారుకి యాక్సిడెంట్ అయింది ఆంటీ. ట్రాఫిక్‌ల ఆగి ఉన్న. ఎనకనుంచి ట్రక్ గుద్దింది. ముంగట వ్యాను. నడుమ నేను. డోర్స్ రాలే. అద్దం దిగలే. ఫైర్ వాళ్లు వచ్చి కట్ చేసేదాక గట్లనే కూసున్న. ఒక్క దెబ్బ తగల్లే. అందరూ లక్కీ అన్నరు."

"ఆ తర్వాత కారెక్కలేదా?"

"ఎక్కుడు చాతనైతలేదు. ఎక్కంగనే తలుపులు రావనిపిస్తది. బండి మీదైతే ఏం కాదు. చుట్టూ ఏం ఉండదు గద."

"మీ ఆవిడకి తెలుసా?"

తల అడ్డంగా ఊపాడు. "బరువు తగ్గనీకి సైకిల్ తొక్కుతున్న అని చెప్పిన. చెకప్‌కి ఆమె కార్ల పోతది. నేను సైకిల్ మీద ముందే పోయి డోర్ కాడ నిలబడి ఉంట."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నొప్పులొస్తే ఏం చేస్తావు? ఈ బండికి వెనక సీటు కూడా లేదు."

"గప్పటికి తగ్గిపోతది అనుకుంటున్న" అన్నాడు. ఆ మాట మీద తనకే నమ్మకం లేదు. వాన వెలిశాక నడిచి వెళ్లిపోయాడు.

తర్వాత కొద్దిరోజులకు బండి పూర్తయింది. ఓనరు మళ్లీ తిప్పుకొచ్చాడు. సిగ్నళ్ల దగ్గర ఆగింది, బయల్దేరింది. ఇన్‌స్పెక్టరు లైట్లు, బ్రేకులు, టైర్లు, అద్దాలు అన్నీ తన ధోరణిలో తీరిగ్గా చూసి, స్టిక్కర్ అంటించి, వేలితో అంచులు నొక్కాడు. బండి తాళం నా చేతిలో పెట్టాడు. అది కుర్రాడికి ఇవ్వాలంటే నాకు చెయ్యి రావడం లేదు.

వాళ్లిద్దరినీ కాఫీ మిషను దగ్గర కూర్చోబెట్టి సంగతంతా చెప్పాను. "మనం బండి ఇస్తే ఇతను ఇంక జన్మలో కారెక్కడు. ఇవ్వకపోతే ఉద్యోగం పోతుంది. ఏం చెయ్యమంటారు?"

ఇన్‌స్పెక్టరు కప్పు పక్కన పెట్టాడు. "బండిలో వంక లేదు. మనిషికి స్టిక్కర్ వేసే లైసెన్సు నాకు లేదు" అన్నాడు.

ఓనరు ఎప్పటిలా పేలలేదు. మోకాలు రుద్దుకుంటూ కూర్చున్నాడు. "ఇది విరిగాక నేను బండి వంక చూడ్డానికే భయపడ్డాను. ఎవరికీ చెప్పలేదు, కాలు నొప్పి అన్నాను. గ్యారేజీలో స్టాండు వేసిన బండి మీద ఊరికే ఎక్కి కూర్చునేవాణ్ని, స్టార్ట్ చెయ్యకుండా. ఎన్నో రోజులు. నా భార్య కాఫీ తెచ్చి చేతికిచ్చి, ఏమీ అడక్కుండా వెళ్లేది." నా వైపు తిరిగి అన్నాడు. "తాళం ఇచ్చెయ్. మనిషికి బయటికెళ్లే దారి ఒక్కటైనా ఉండాలి. కానీ రోజూ ఇటే వెళ్తాడుగా, ఇక్కడ ఆగమను. మీ కారు రోజంతా ఊరికే ఎండలో పడి ఉంటుంది కదా."

నేను అదే చెప్పాను కుర్రాడితో. తాళం చేతిలో పెట్టి, "రోజూ సాయంత్రం ఇక్కడ ఆగి, నా కార్లో కాసేపు కూర్చోవాలి. డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లాలి. సరేనా?" అన్నాను. అతను ముందు సిగ్గుపడ్డాడు, తర్వాత కోపం తెచ్చుకున్నాడు, చివరికి తలూపాడు. బండి ఎక్కి వెళ్తుంటే ఆ వీపు చూశాను. వచ్చినప్పటినుంచి మొదటిసారి ఆ మనిషి కుదురుగా కనిపించాడు.

మాట తప్పలేదు. కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఒక కౌన్సిలర్‌ని వెతుక్కున్నాడు. సాయంత్రాలు షాపులో ఆగేవాడు. మొదట్లో నాలుగు తలుపులూ తెరిచి పెట్టి కూర్చునేవాడు. నేను పక్క సీట్లో ఏదో ఒక పాత స్విచ్చు బాగుచేసుకుంటూ, ఆవకాయ గురించో, వాళ్ల నిజామాబాద్ ఎండల గురించో మాట్లాడేదాన్ని. తర్వాత ఒక తలుపు మూశాం. ఒకరోజు అన్నీ మూస్తే, మర్నాడు మళ్లీ ఒక్కటి కూడా మూయనివ్వలేదు. పార్కింగ్ స్థలంలో నేను నడుపుతుంటే చుట్లు తిరగడం దాకా వచ్చాం. రోడ్డు మీదకు తిప్పబోతే "ఇయ్యాల వద్దాంటీ" అనేవాడు. స్టీరింగ్ మీద చెయ్యి వెయ్యమంటే వేసేవాడే కాదు. నాకు ఓపిక తక్కువ. ఇదంతా దండగేమోనని లోపల విసుక్కున్న రోజులూ ఉన్నాయి.

ఒక శనివారం మధ్యాహ్నం బండికి నూనె మార్చడానికి తెచ్చాడు. ఓనరు అన్నట్టే దానికి అస్తమానం నూనె మార్చాల్సి వచ్చేది. పాత నూనెంతా కింద పళ్లెంలోకి కారుతుండగా అతని ఫోన్ మోగింది. విన్నాడు.

"ఆంటీ. నొప్పులు మొదలైనయట."

అతని చూపు బండి వైపు వెళ్లింది. నూనె చుక్కలు ఇంకా పడుతున్నాయి. తర్వాత నా కారు వైపు వెళ్లింది. ఓనరు ఏదో అనబోతే ఇన్‌స్పెక్టరు అతని భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. నేను వెళ్లి కారు ఇంజను స్టార్ట్ చేశాను. ఎక్కకపోతే ఒక్కదాన్నే వెళ్లి ఆ అమ్మాయిని తీసుకెళ్దామనుకున్నాను.

ఎక్కాడు. వాళ్లింటిదాకా కళ్లు మూసుకుని, తల కిటికీలోంచి బయటపెట్టి కూర్చున్నాడు. భార్య సంచీ పట్టుకుని గుమ్మంలోనే ఉంది. సన్నగా, పొడుగ్గా ఉన్న అమ్మాయి. వెనక సీట్లో ఎక్కించి, తనూ పక్కన ఎక్కి, తలుపు తనే మూసుకున్నాడు.

కారు కదిలాక ఆ అమ్మాయి ఒక నొప్పి ఓర్చుకుని, భర్త వైపు తిరిగింది. "కార్ల కూసున్నవా?"

"నీకు ఒక ముచ్చట చెప్పలే. చలికాలంల ఆ యాక్సిడెంట్ అయినంక..."

"నాకు తెల్వదనుకున్నవా? చెకప్‌కి సైకిల్ మీద వస్తివి. వెయిట్ తగ్గనీకి అంటివి. ఒక్క కిలో తగ్గలే."

అతను సంచీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నువ్వే చెప్తవని చూసిన" అంది. ఇంకో నొప్పి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. అది తగ్గాక, "ఆ అద్దం ఇంక దించు. నాగ్గూడ గాలాడుతలేదు" అంది. నాలుగు అద్దాలూ దించేశాను. ముగ్గురికీ జుట్టు రేగిపోయి, గాలి హోరులో ఒకరి మాట ఒకరికి వినిపించకుండా ఆసుపత్రికి చేరాం.

ఎమర్జెన్సీ గుమ్మం ముందు వీల్‌చెయిర్ వచ్చింది. దిగేటప్పుడు ఆ అమ్మాయి ఆసరా కోసం నా చెయ్యి పట్టుకుంది. ఇక వదల్లేదు. అంత సన్నటి వేళ్లలో అంత బలం ఉంటుందని నేననుకోలేదు. సెక్యూరిటీ మనిషి వచ్చాడు. "మేడమ్, అంబులెన్సు వస్తోంది. కారు వెంటనే తియ్యాలి."

నేను చెయ్యి లాక్కోబోయాను. "ఆంటీ, పోకుర్రి" అంది ఆ అమ్మాయి. సెక్యూరిటీ మనిషి మళ్లీ అన్నాడు. దూరంగా సైరన్ వినిపిస్తోంది. కుర్రాడు కారు వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను వద్దు అనబోయి ఆగాను, ఎందుకాగానో ఇప్పటికీ చెప్పలేను. అతను నడిచి వెళ్లి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. ఒక కాలు కాసేపు బయటే ఉంది. తర్వాత లోపలికి తీసుకున్నాడు. కారు ఒక కుదుపుతో కదిలి, పార్కింగ్ గ్యారేజీ అనే బాణం గుర్తు వైపు మలుపు తిరిగింది.

లోపల ఆ అమ్మాయిని మంచం మీదకు మార్చారు. నర్సు వచ్చి బిడ్డ తండ్రి ఎవరని అడిగింది. వస్తున్నాడన్నాను. మళ్లీ వచ్చి అడిగింది. మళ్లీ అదే చెప్పాను. నడిచొచ్చే దూరమే, ఇంత సేపెందుకు? గ్యారేజీలో మధ్యలో ఆగిపోయి ఉంటాడా? ఏ మూలో గొంతుక్కూర్చుని ఉంటాడా?

మెట్ల వైపు తలుపు తెరుచుకుని పరుగున వచ్చాడు. చొక్కా పిండితే చెమట కారేలా ఉంది.

"ఎక్కడ పెట్టావు?"

"పైన ఏడనో. గుర్తులేదాంటీ."

"తాళం?"

జేబులు తడుముకున్నాడు. రెండు చేతులూ ఖాళీగా పైకి తీశాడు. ఈలోగా నర్సు అతని మోచెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లిపోయింది.

సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. తర్వాత ఆ మట్టి బండిని ఇంకో ఏడాది నడిపి, ఇన్‌స్పెక్టరు చేతే మరో స్టిక్కర్ వేయించుకుని, చివరికి ఒక రైతుకి అమ్మేశాడు. కారు నడుపుతాడు గానీ, ట్రక్కుల మధ్య ఇరుక్కుంటే ఇప్పటికీ పక్కకు తీసి ఆగుతాడట. లిఫ్ట్ ఎక్కడు. పూర్తిగా నయమైందని నేను చెప్పను. మీరు కూడా, మీ దగ్గరికి బండి తెచ్చిన మనిషి రోజుకో కారణం చెప్తుంటే విసుక్కోకండి. ఒక్కసారి పక్కన కూర్చోండి.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ మధ్యాహ్నం మాత్రం నేను నా కారు వెతుక్కుంటూ గ్యారేజీలో తిరిగాను. కింది అంతస్తులో లేదు. పై అంతస్తులో లేదు. చీకటిగా, చేత్తో అందుకునేంత ఎత్తులో సిమెంటు కప్పులు, ఇరుకు మలుపులు. ఖాళీ స్థలాలు కింద ఎన్నో ఉన్నాయి, అతను ఎక్కడా ఆపలేదు. ఒక్కో అంతస్తూ ఎక్కుతూ, మోకాళ్లు పట్టుకుంటూ, తిట్టుకుంటూ పైకి వెళ్లాను. చిట్టచివరి అంతస్తుకి కప్పు లేదు. అక్కడ, ఆకాశం కింద, రెండు గీతలకు అడ్డంగా నా కారు ఉంది. నాలుగు అద్దాలూ దించి ఉన్నాయి. డ్రైవర్ తలుపు బార్లా తెరిచి ఉంది. వాన లేకపోయినా వైపర్లు ఊగుతున్నాయి. ఇంజను నడుస్తూనే ఉంది.

లోపల కూర్చున్నాను. తాళం తిప్పడానికి చెయ్యి వెళ్లింది గానీ, వెంటనే ఆపబుద్ధి కాలేదు.